లెక్కలో లేని ఐదుగురు అక్కచెల్లెళ్లు



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మెట్ల దగ్గర ఆగి అడిగారు: "అయ్యగారూ, సినడ్ రూల్స్ మార్చాలె, మార్చొద్దు అని పైన కొట్లాడుకుంటున్నరు గదా. మనది చిన్న పాస్టరేటు. మన మాట అక్కడిదాక పోతదా?" ఆ క్షణంలో మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. వారమంతా ఆలోచించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఓట్ల లెక్క ఎలా పనిచేస్తుందో శ్రీరాంపూర్ వాళ్లకు ఒకరు నేర్పనక్కరలేదు. సింగరేణిలో 1998 నుండి గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబర్ 27న 11 ఏరియాల్లో దాదాపు 40 వేలమందికి ఓటు ఉంది. మొత్తం ఓట్లలో దాదాపు 2 వేల ఆధిక్యంతో ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది. ఏరియాల లెక్క చూస్తే మాత్రం ఐఎన్‌టీయూసీకి 6, ఏఐటీయూసీకి మన శ్రీరాంపూర్‌తో కలిపి 5 వచ్చాయి. రెండు యూనియన్ల వారూ మన గుడిలో ఒకే బల్లలో పాలు పొందుతారు గనుక ఎవరు గెలవాల్సిందో చెప్పడం మా పని కాదు. ఒక్కటి గమనించండి. తలలు లెక్కపెడితే ఒకరు ముందున్నారు, ఏరియాలు లెక్కపెడితే మరొకరు. కంపెనీ మొత్తానికి గుర్తింపు సంఘం, ఏరియాకు ప్రాతినిధ్య సంఘం ఉన్నాయి గనుక రెండు లెక్కలకూ విలువ దక్కింది. ఒక్క లెక్కే ఉంటే ఎవరో ఒకరి నోరు మూతపడేది.

మన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో పుట్టింది. ఐదు రాష్ట్రాలలోనూ శ్రీలంకలోనూ విస్తరించిన ఇంత పెద్ద సంఘానికి నిబంధనలు కావాలి, కాలంతోపాటు వాటిని సవరించుకోవాలి కూడా. 2013లో నంద్యాలలో పుష్పలలిత అమ్మగారు మన సంఘపు మొదటి మహిళా బిషప్ అయ్యారంటే, తలుపులు తెరుచుకోగలవనే గదా. కానీ 2022లో బిషప్పుల రిటైర్మెంట్ వయసును 67 నుండి 70కి పెంచే సవరణ కోర్టు మెట్లెక్కింది. ఆ వ్యాజ్యంలో ఎవరిది న్యాయమో మేము తేల్చము. సంఘంలో కూర్చుని తేల్చుకోవలసిన మాట జడ్జిగారి ముందుకు పోయిందనేదే మా బాధ.

సంఖ్యాకాండము 26వ అధ్యాయం తెరవండి. అక్కడ గోత్రాల జనసంఖ్య రాశారు. ఎక్కువమంది ఉన్నవారికి ఎక్కువ భూమి, తక్కువమందికి తక్కువ. అయితే ఎవరి భాగం ఎక్కడన్నది చీట్లు వేసి తేల్చారు. పెద్ద గోత్రం మంచి నేల ఏరుకోవడానికి వీల్లేదు. లెక్క ముగిసిందో లేదో, 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు వచ్చి నిలబడ్డారు. ఆ లెక్కలో వాళ్లు లేరు. మోషే వాళ్లను కసురుకోలేదు, వాళ్ల మాటను దేవుని సన్నిధికి తీసుకెళ్లాడు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడు చెప్పాడు, చట్టం మారింది. 36వ అధ్యాయంలో గోత్రపు పెద్దలు ఇంకొక చిక్కు చెబితే, దానికీ మరో ఏర్పాటు జరిగింది. దేవుడిచ్చిన చట్టమే నష్టపోయినవారి మాట విని సవరణ పొందితే, మన బైలాలు అంతకంటే పవిత్రమైనవా?

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు ఎందరో రిటైరై, పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు. అయినా సంఖ్య తగ్గితే మన మాట తగ్గుతుందని, వెళ్లిపోయిన కుటుంబాల పేర్లు మన సభ్యత్వ పుస్తకంలో ఏళ్ల తరబడి అలాగే ఉంచాము. అక్కడి సంఘంలోనూ వాళ్ల పేర్లు ఎక్కే ఉంటాయి. మన పుస్తకంలోనే తప్పుడు తూకం పెట్టుకుని పైవాళ్ల తూకాన్ని ఎలా ప్రశ్నిస్తాము?

కాబట్టి మా అభిప్రాయం ఇది. ముందుగా ప్రతి పాస్టరేటు తన పుస్తకాన్ని శుభ్రం చేసుకోవాలి. ఆ తర్వాతే ప్రాంతాల హద్దులు, ప్రతినిధుల సంఖ్య మార్చాలి. అప్పుడు కూడా సభ్యుల సంఖ్యతోపాటు ప్రాంతానికీ ఒక విలువ ఉండాలి. లేకపోతే పట్నం గుళ్లే మాట్లాడతాయి, గనుల పక్క గుళ్లు వింటూ కూర్చుంటాయి. సవరణ ప్రతి తెలుగులో మన చేతికి రావాలి, ఓటుకు ముందే గుడిలో చదివి వినిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, పదవిలో ఉన్నవారికి మేలు చేసే ఏ మార్పయినా వారి తర్వాత వచ్చేవారి నుండే అమలు కావాలి. తనకు లాభం లేని సవరణకు చెయ్యెత్తినవాడి మనసును ఎవరూ శంకించరు.

పెద్దాయనా, మీ ప్రశ్నకు మా జవాబు: మన మాట దానంతటది అక్కడికి పోదు. ఆ ఐదుగురు అక్కచెల్లెళ్లలాగా మనం వెళ్లి నిలబడాలి. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత సభ్యత్వ పుస్తకం బల్ల మీద పెడతాము. మీరే వచ్చి మొదటి పేజీ చదవండి.

న్యాయమైన త్రాసును ప్రేమించే దేవుడు మన చేతులను, మన లెక్కలను శుద్ధి చేయును గాక. ఆమేన్.