గ్రంథాలయమున గజ్జెల మ్రోత

విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో అప్పుడప్పుడు హరికథలు, బుర్రకథలు, కవిగోష్ఠులు జరిపి ఊరివారిని లోనికి పిలువవలెనన్నచో మన విద్వాంసులలో కొందఱు చెవులు మూసికొనుచున్నారు. గ్రంథాలయమునకు నిశ్శబ్దమే ప్రాణమట! గజ్జెల మ్రోత వినబడినచో పరిశోధకుల తపస్సు భంగమగునట! పఠనమందిరము మూసిన పిమ్మట, వేఱొక సావడిలో, రెండు గంటలు జరుగు కథ ఏ తపస్సును భంగపఱచునో మాకు తెలియకున్నది. ఆ తపస్సునకు వలయు పుస్తకములును దీపములును ఎవరి పన్నులతో వచ్చినవో ఈ మునులు ఒకసారి విచారించిన బాగుండును.

ఊరివారికి వేఱుగా పౌర గ్రంథాలయములు కలవు గదా, వానికై 1960 నాటి చట్టము పన్ను కూడ విధించినది గదా యని మఱియొక ఆక్షేపణ. నిజమే. కాని తన గ్రామచరిత్ర వ్రాయదలచిన బడిపంతులునకు శాసన సంపుటములు, పాత పత్రికలు శాఖా గ్రంథాలయమున దొరకునా?

తెలుగుదేశమునకు ఇది క్రొత్త మాట కాదు. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటనుండి అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు గ్రంథాలయమును ఊరి కూడలిగా చేయ యత్నించిరి. పురాణ కాలక్షేపమును, రాత్రిబడియు, పత్రికాపఠనమును ఒక కప్పు క్రిందనే నడచినవి. 1935 లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు పంపిరి. ఆనాడు పుస్తకమే చదువరికడకు పోయినది. నేడు చదువరి వచ్చినను గుర్తింపుచీటి యేదని అడుగుచున్నారు.

పల్నాటి కథనే తీసికొందము. శ్రీనాథుని పేర వెలసిన వీరచరిత్రము అచ్చుపడి బీరువాలో నున్నది. ఆ గాథను గొంతున నిలుపుకొన్న వీరవిద్యావంతులు పల్నాట నున్నారు. పుస్తకము చదివిన విద్యార్థి పాట వినడు; పాడువానికి పుస్తకము చేరదు. ఇరువురను ఒక్క రాత్రి ఎదురెదుట కూర్చుండబెట్టినచో, ఏ పాఠమెచట భిన్నమైనదో, ఏ ఘట్టము వ్రాతకెక్కక పాటలోనే నిలిచినదో తేలును. ఇంతకు మించిన పరిశోధన యేమి కలదు?

ఇక ఉత్సవప్రియుల సంగతి. వారు చేయు అపకారము మునులు చేయుదానికంటె తక్కువ కాదు. పెద్దల ఉపన్యాసమునకు గంట, కథకునకు పది నిమిషములు, పూలమాలలు, ఛాయాచిత్రములు, ఆపైన తాళము. సభ నింపుటకు ఊరివారిని వాడుకొని పంపివేయుటను ఆహ్వానమందురా?

కథ చెప్పిన రాత్రియే కథకునకు పఠనానుమతి పత్రము చేతికీయవలెను. మఱునాటి యుదయమున అతడు తిరిగివచ్చి వీరచరిత్రము చూపుమని యడిగినచో ద్వారముకడనున్న బంట్రోతు ఏమి చెప్పవలెనో, ఉత్సవమునకు తేది నిర్ణయించుటకు ముందే అధికారులు నిర్ణయింతురు గాక.