పూత మీద బేరం

మా నూజివీడు ప్రాంతంలో మామిడితోట బేరం చాలాసార్లు పూత మీదనే కుదురుతుంది. సంక్రాంతి అటూఇటూగా బేరగాళ్లు తోటల్లోకి వస్తారు. తలెత్తి కొమ్మల వంక చూస్తారు, మనసులో ఏదో లెక్క వేసుకుంటారు, రైతు చేతిలో బయానా పెట్టి వెళతారు. ఆ పూతలో ఎంత నిలుస్తుందో, ఎంత మంచుకు మాడుతుందో, ఎంత ఈదురుగాలికి రాలుతుందో ఆనాడు ఎవరికీ తెలియదు. కాపు బాగుంటే మిగతా సొమ్ము వస్తుంది. గాలివాన కొట్టిందంటే బేరగాడి ఫోను పలకదు. బయానా తీసుకున్న రైతు ఎవరితో చెప్పుకుంటాడు? చేతికొచ్చిందే దక్కిందనుకుని ఊరుకుంటాడు.

ఆంధ్రదేశంలో ముస్లిముల ఓటు మీద జరుగుతున్న బేరం కూడా ఇలాంటిదే. నేను ఏ పార్టీలోనూ సభ్యుణ్ని కాను, ఏ జమాఅత్‌కూ ప్రతినిధిని కాను. పత్రికలు చదివి, వార్తలు విని, ఓటు వేసే మామూలు పౌరుణ్ని. అయినా గడచిన ఏడాది కాలంలో ఢిల్లీలోనూ, అమరావతిలోనూ, ఐక్యరాజ్య సమితిలోనూ మన పేరిట పడిన ఓట్లను ఒకచోట చేర్చి చూసుకుంటే, మనం ఎంత చౌకగా బయానాకు అమ్ముడుపోతున్నామో అర్థమై సిగ్గు కలుగుతున్నది. ఆ లెక్కనే పాఠకుల ముందు పెడుతున్నాను.

2025 మార్చి 31న రంజాన్ పండుగ జరుపుకున్నాం. పండుగకు కొద్దిరోజుల ముందు విజయవాడలో ప్రభుత్వం ఇచ్చిన ఇఫ్తార్ విందులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు వక్ఫ్ ఆస్తులను కాపాడతామని హామీ ఇచ్చారు. పండుగ ముగిసి మూడోరోజు గడవకముందే, ఏప్రిల్ 2వ తేదీ అర్ధరాత్రి దాటాక, లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లు మీద ఓటింగు జరిగింది. అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232. మర్నాటి రాత్రి రాజ్యసభలో 128కి 95. ఏప్రిల్ 5న రాష్ట్రపతి ఆమోదం, 8న అమలు. బంగినపల్లి కోతల హడావిడిలో ఉన్న మా ఊళ్లో చాలామందికి బిల్లు చట్టమైందన్న సంగతి తెలిసేసరికే అంతా అయిపోయింది.

ఆ 288 అంకె దగ్గర కాసేపు ఆగవలసి ఉంది. భారతీయ జనతా పార్టీ 2024లో గెలిచిన స్థానాలు 240. తెలుగుదేశానికి ఉన్నవి 16, నితీశ్ కుమార్ గారి జనతాదళ్ యునైటెడ్‌కు 12. ఈ రెండు పార్టీల సభ్యులందరూ ఆ రాత్రి బిల్లుకు ఓటు వేశారనే అనుకుందాం. తెలుగుదేశం ఒక్కటే ఎదురు తిరిగి ఉంటే 272కు 248. బిల్లు ఎలాగూ గట్టెక్కేది. ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. కానీ రెండు పార్టీలూ కలిసి కాదని ఉంటే? 288లోంచి 28 తీసి 232కు కలిపి చూడండి. అటు 260, ఇటు 260. సభాపతి తన నిర్ణాయక ఓటు వేస్తే తప్ప కదలని బిల్లు అది. తాము లేకపోతే కేంద్రంలో ప్రభుత్వమే లేదని అమరావతి నిధుల విషయంలో, పోలవరం విషయంలో సగర్వంగా చెప్పుకునే పార్టీ, వక్ఫ్ దగ్గరకు వచ్చేసరికి తన బలమెంతో మరచిపోయింది. ఏలూరు లోక్‌సభ స్థానం నుంచి మేమూ ఓట్లు వేసి పంపినది ఆ పార్టీ అభ్యర్థినే.

"మేము ఊరికే ఓటు వేయలేదు, సవరణలు చేయించి వేశాము" అంటారు ఆ పార్టీ వారు. నిజమే, చేయించారు. మొదటి బిల్లులో ఒక భూమి వక్ఫ్‌దా, ప్రభుత్వానిదా అని తేల్చే అధికారం కలెక్టరు చేతిలో పెట్టారు. (మా ప్రాంతంలో కలెక్టరు అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది తోతాపురి మామిడి. పచ్చడికీ రసానికీ పనికొచ్చే ఆ కలెక్టరుతో మాకు ఏ తగవూ లేదు.) తెలుగుదేశం సూచన మీద ఆ అధికారం కలెక్టరు కంటే పైస్థాయి అధికారికి మారింది. తగవు ప్రభుత్వానికీ మసీదుకూ మధ్య అయినప్పుడు, తీర్పు చెప్పేది ప్రభుత్వోద్యోగే అయినప్పుడు, ఆయన కుర్చీ ఒక మెట్టు పైన ఉంటే న్యాయం ఎలా మారుతుంది? 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల్లో నిలిపివేసిన వాటిలో ఈ ఏర్పాటు కూడా ఉన్నది. తాము సాధించామని వీరు మన మసీదుల ముందు చెప్పుకున్న సవరణకే అత్యున్నత న్యాయస్థానంలో నిలకడ లేకపోయింది.

ఇక వక్ఫ్ బోర్డుల్లో ముస్లిమేతరుల సంగతి. 2025 మార్చి 21న తిరుమలలో ముఖ్యమంత్రి గారు ఆ కొండ మీద హిందువులే పనిచేయాలని స్పష్టంగా ప్రకటించారు. అంతకు నాలుగు నెలల ముందే తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి అన్యమత ఉద్యోగులను వేరే శాఖలకు పంపడమో, స్వచ్ఛంద విరమణ ఇవ్వడమో చేయాలని తీర్మానించింది. ఒక్కమాట స్పష్టం చేస్తున్నాను: హిందువుల దేవాలయాన్ని హిందువులే నడుపుకోవాలంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది వారి హక్కు. నా ప్రశ్న వేరు. ఆ ప్రకటన చేసిన పదమూడు రోజులకే అదే నాయకుని పార్టీ, ముస్లిముల ధర్మాదాయ ఆస్తులను చూసే బోర్డులో ముస్లిమేతరులు ఉండి తీరాలనే చట్టానికి చేయెత్తింది. అలా చేయించిన సూత్రం ఏది? వక్ఫ్ బోర్డు చేసేది పరిపాలన మాత్రమే, మతవిధి కాదు అని కేంద్రం వాదిస్తున్నది. దేవస్థానంలో లెక్కలు రాసే గుమాస్తా పని, బండి నడిపే డ్రైవరు పని మతవిధులా? పదకొండుమంది ఉండే రాష్ట్ర బోర్డులో ముస్లిమేతరులు ముగ్గురికి మించరాదని సుప్రీంకోర్టు హద్దు గీయవలసి వచ్చింది. ఆ హద్దు ఓటు వేసేముందు మన రాష్ట్ర ప్రతినిధులు అడిగి గీయించవలసినది.

అన్నిటికంటే మాకు దగ్గరగా తగిలే దెబ్బ మరొకటి ఉన్నది. తరతరాలుగా నమాజు చేస్తున్న స్థలం, తరతరాలుగా మన పెద్దలను పూడ్చిన నేల, రాతపూర్వకమైన దస్తావేజు లేకపోయినా వాడుక చేతనే వక్ఫ్ అవుతుందన్నది పాత న్యాయం. దీన్నే 'వక్ఫ్ బై యూజర్' అంటారు. కొత్త చట్టం ఇకముందు దానిని గుర్తించదు. ఇదివరకే రిజిస్టరైన వాటికి మాత్రం, వివాదం లేకపోతే, ప్రభుత్వ భూమి కాకపోతే, మినహాయింపు. ఈ తొలగింపును సుప్రీంకోర్టు నిలిపివేయలేదు.

మా ఊరి ఖబరస్తాన్ రెండు మామిడితోటల మధ్య ఉంటుంది. తూర్పు హద్దు ఒక ముసలి రసాల చెట్టు, పడమర హద్దు డొంక. జమీందారీ కాలంలో నోటిమాట మీద వదిలిన నేల అని మా తాతగారు చెప్పేవారు. నోటిమాటకు స్టాంపు కాగితం ఎక్కడిది? ఆ కాలంలో మాట ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మధ్య కాగితం అవసరం పడలేదు. తెలుగు పల్లెల్లో పీర్ల చావిళ్ల సంగతీ అంతే. పీరు ఎత్తేవారిలో, మొక్కు తీర్చుకునేవారిలో సగంమంది హిందువులు. స్థలం ఇచ్చినవారిలోనూ వారు ఉన్నారు. 2013 సవరణ ఏ మతస్తుడైనా వక్ఫ్ చేయవచ్చునని ఆ తెలుగు వాస్తవానికే చట్టరూపం ఇచ్చింది. 2025 చట్టం ఆ తలుపు మూసి, అయిదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్టు చూపగలిగినవాడే వక్ఫ్ చేయాలన్నది. ఎవరు కొలుస్తారు ఆ అయిదేళ్లను? ఫజర్ నమాజుకు హాజరుపట్టీ పెడతారా? నియమావళి తయారయ్యేవరకు ఈ అయిదేళ్ల షరతును న్యాయస్థానం ఆపింది. ఆపడమే, కొట్టివేయడం కాదు.

ఇంతవరకు చదివి సంతోషించే మిత్రులు కొందరు మా ఊళ్లో ఉన్నారు. వారు వైఎస్సార్ కాంగ్రెస్ వారు. లోక్‌సభలో తమ నలుగురూ వక్ఫ్ బిల్లును వ్యతిరేకించారని వారు చెప్పుకుంటున్నారు. మంచిదే. మరి 2019 డిసెంబరు 9 సంగతి ఏమిటి? మతాన్ని కొలబద్దగా పెట్టి పౌరసత్వం ఇచ్చే బిల్లు 311కు 80 ఓట్లతో నెగ్గిన ఆనాడు ఆ పార్టీకి లోక్‌సభలో 22 మంది ఉన్నారు, తెలుగుదేశానికి ముగ్గురు. రెండు పార్టీలూ బిల్లు పక్షాన్నే నిలిచాయి. ప్రత్యేక హోదా విషయంలో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకునే ఈ ఇద్దరూ, ముస్లిమును మినహాయించిన చట్టం దగ్గర మాత్రం ఒకే బల్ల మీద కూర్చున్నారు. జనవ్యతిరేకత చూశాక పౌర పట్టికకు ఒప్పుకోబోమని ఆనాటి ముఖ్యమంత్రి అన్నారు. ఓటు వేశాక అన్నారు.

ఈ రెండు పార్టీలకూ మనకిచ్చే బయానా కూడా ఒకటే. ఇమాముకు నెలకు పదివేలు, మౌజనుకు అయిదువేలు. ఒకరు పెంచామంటారు, ఒకరు మానిఫెస్టోలో రాశామంటారు. హజ్ యాత్రికుడికి లక్ష సాయమంటారు. పల్లె మసీదు ఇమాము ఎంత పేదరికంలో బతుకుతాడో తెలిసినవాణ్ని గనుక ఆ గౌరవ వేతనాన్ని నేను తప్పుపట్టను. అది సకాలంలో అందాలి కూడా. కానీ అది ఎవరి జేబులోదీ కాదు; మనమూ పన్నులు కట్టే ఖజానాలోది. మసీదు కింది నేల మీద హక్కును ప్రశ్నార్థకం చేసే చట్టానికి ఓటు వేసి, ఆ మసీదులో అజాఁ ఇచ్చేవాడి జీతం చూపించి లెక్క సరిపోయిందంటే, అది ఏ ఊరి లెక్క? రాష్ట్ర జనాభాలో మనం ఏడు శాతం పైచిలుకు. అంతమందిని పదివేలకూ ఒక ఇఫ్తార్ విందుకూ సరిపెట్టవచ్చునని వారికి ధైర్యం ఇచ్చింది మనమే.

దేశం లోపల చేయెత్తినవారు దేశం బయట చేయి ముడుచుకున్న తీరు కూడా చూడాలి. 1974లో పాలస్తీనా విమోచన సంస్థను గుర్తించిన తొలి అరబ్బేతర దేశం మనది. 1988లో పాలస్తీనాను రాజ్యంగా గుర్తించిన తొలి దేశాల్లో మనమున్నాం. అదే దేశం 2023 అక్టోబరు 27న, గాజాలో మానవతా విరామం కోరిన తీర్మానానికి 120 దేశాలు ఓటేస్తే, ఓటింగుకు దూరంగా ఉన్నది. 2025 జూన్ 12న తక్షణ కాల్పుల విరమణ కోరిన తీర్మానానికి 149 దేశాలు ఔనన్నాయి. తప్పుకున్న 19 దేశాల్లో మనమున్నాం. దక్షిణాసియాలో అలా తప్పుకున్నది మనమొక్కరమే. మధ్యలో 2023 డిసెంబరులో, మళ్లీ 2025 సెప్టెంబరులో అనుకూలంగా వేసిన ఓట్లూ ఉన్నాయి, దాచనక్కరలేదు. కానీ గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం చనిపోయినవారి సంఖ్య 70 వేలు దాటిన యుద్ధంలో, ఒకసారి ఔనని, ఒకసారి మౌనమని ఊగిసలాడటాన్ని విదేశాంగ నీతి అని నేను పిలవలేను.

"గాజా ఎక్కడ, నూజివీడు ఎక్కడ" అని తోటలో కూలికి వచ్చే ఒక యువకుడు నన్ను అడిగాడు. గాజా దూరమే, హైదరాబాదు దూరం కాదు కదా అన్నాను. ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కంపెనీతో కలిసి అదానీ సంస్థ హెర్మెస్ 900 డ్రోన్ల కర్మాగారాన్ని 2018 డిసెంబరులో ప్రారంభించింది హైదరాబాదులోనే. ఆ రకం డ్రోన్లనే ఇజ్రాయెల్ సైన్యం గాజా మీద ఎగరవేసింది. తెలుగుగడ్డ మీద ఆ కర్మాగారం గురించి శాసనసభల్లో గట్టిగా అడిగిన గొంతు నాకు వినిపించలేదు. విదేశాంగం కేంద్రం పని అంటారు. వక్ఫ్ బిల్లు కూడా కేంద్రం పనే, మరి దానికి పదహారు చేతులు లేచాయే!

ఇక్కడ నా వేలు నావైపే తిరగాలి. గాజా కోసం మనం దుఆ చేశాం, కన్నీరు పెట్టాం, కొన్ని పానీయాలు తాగడం మానేశాం. మంచిపనే. అదే కాలంలో, 2025 జూన్ 6న తెరిచిన 'ఉమీద్' పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు చేర్చడానికి ఆరు నెలల గడువు నడుస్తున్నది. ప్రతి జుమాకూ నిండిపోయే మా మసీదులో ఆ గడువు గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం? నాకు గుర్తున్నంతలో రెండుసార్లు, అదీ నవంబరు చివర్లో. దానికి తోడు ముతవల్లుల నిర్వాకం ఒకటి. బజారు మధ్య దుకాణాన్ని తమవారికి నామమాత్రపు అద్దెకిచ్చి రశీదు పుస్తకం ఇంట్లో దాచుకునేవారు ఏ జిల్లాలో లేరు? వక్ఫ్ అమానత్ అని ఖుత్బాలో వింటాం. లెక్క అడిగినవాణ్ని ఫితూరీగా చూస్తాం. ఈ ఇంటిదొంగలను చూపించే గదా ప్రభుత్వం సంస్కరణ అనే మాట వాడగలిగింది. ఓటింగుకు దూరంగా ఉన్న దేశాన్ని తిట్టే మనం మన ఖబరస్తాన్ కాగితాల దగ్గర చేసినది కూడా ఆ పనే.

గడువు పొడిగించబోమని 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. అవసరమైనవారు వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చునన్నది. తగిన కారణం చూపితే మరో ఆరు నెలల వరకు ఇచ్చే వీలు చట్టంలో ట్రిబ్యునల్‌కు ఉన్నది. తలుపు పూర్తిగా మూసుకోలేదన్నమాట. మా ఊళ్లో నలుగురం కలిసి ఖబరస్తాన్ సర్వే నంబరు, అడంగల్ నకలు, పాత గెజెట్‌లో పేరున్నదీ లేనిదీ వెదకడం మొదలుపెట్టాం. ముసలి రసాల చెట్టు హద్దు అని చెప్పగల పెద్దమనిషికి ఎనభై దాటాయి. ఆయన పక్క తోట యజమాని, హిందువు. అడగగానే వాంగ్మూలం రాసిస్తానన్నారు. ఆ సంతకం ఆయన ఉండగానే తీసుకోవాలి.

ఈసారి రంజాన్ పిందె దశలో వస్తున్నది. తోటల్లోకి బేరగాళ్లు వచ్చినట్టే, మసీదుల దగ్గరికి టోపీలు పెట్టుకుని నాయకులూ వస్తారు. రావద్దని నేను అనను. ఇఫ్తార్‌కు వచ్చిన అతిథిని గౌరవించడం మన ఆదబు. కానీ ఖర్జూరం అందించే ముందు ఒక ప్రశ్న అందిద్దాం: "అయ్యా, మొన్న ఏప్రిల్ 2 రాత్రి మీ పార్టీ ఓటు ఎటు పడింది? ఈ చట్టాన్ని సవరించే బిల్లు రేపు సభకు వస్తే ఎటు పడుతుంది?" తెలుగుదేశం నాయకుణ్ని అడిగినట్టే వైఎస్సార్ కాంగ్రెస్ నాయకుణ్ని పౌరసత్వ చట్టం గురించీ అడుగుదాం. జవాబును అందరి ముందూ చెప్పించి, మసీదు కమిటీ పుస్తకంలో తేదీ వేసి రాసుకుందాం. మా మసీదులో ఆ పుస్తకం కొన్నాం. మొదటి పేజీ ఖాళీగా ఉంది.