సీసా మీది సన్నని అక్షరాలు

ఎముక పుట్టుకను శాసించే బి.ఎం.పి-2 అనే మాంసకృత్తు తెల్లని పొడిగా, చిన్న సీసాలలో పరిశోధనశాలలకు చేరుతుంది. మనిషి జన్యువును హామ్‌స్టర్ కణాలలోనో, బాక్టీరియాలోనో చొప్పించి వాటిచేత తయారు చేయించినది గనుక దీనిని పునఃసంయోజిత మాంసకృత్తు అంటారు. సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని సన్నని అక్షరాలుంటాయి. అది కోర్టులకు జడిసి రాసుకున్న మాట అని చాలామంది కొట్టిపారేస్తారు. ఈ పదార్థాన్ని గురించి అచ్చయిన మాటలలో అంతకన్న నిజాయితీ గలది నాకు కనబడలేదు.

1965లో మార్షల్ యూరిస్ట్ అనే అమెరికన్ వైద్యుడు ఒక వింతను ప్రకటించాడు. ఖనిజాలను ఆమ్లంతో కడిగివేసిన ఎముక ముక్కను జంతువు కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. ఎముక ఉండరాని చోట ఎముక! అద్భుతమూ ప్రమాదమూ రెండూ అందులోనే ఉన్నాయి. ఈ మాంసకృత్తుకు ఆజ్ఞాపించడమే తెలుసు, చోటు తెలియదు. అందుకే శరీరం దీనిని మహా లోభిలా వాడుకుంటుంది. కిలో ఎముకలో ఉండేది మైక్రోగ్రాముల లెక్క. పైగా దీనిని పట్టి ఆపడానికి నాగిన్ అనే మరొక మాంసకృత్తును కాపలా పెట్టింది.

1988లో జాన్ వోజ్నీ బృందం జన్యువులను వేరుచేశాక లోభత్వానికి కాలం చెల్లింది. 2002లో అమెరికా ప్రభుత్వం నడుము వెన్నెముకలో ఒకానొక శస్త్రచికిత్సకు అనుమతినిచ్చింది. పెద్ద మోతాదు 12 మిల్లీగ్రాములు! అనుమతి లేని మెడ భాగంలోనూ వాడారు. గొంతు వాచి ఊపిరాడని రోగుల సంగతి చెప్పి 2008లో ప్రభుత్వమే హెచ్చరించవలసి వచ్చింది.

అంతకన్న నన్ను బాధించేది 2011లో ‘ది స్పైన్ జర్నల్’ బయటపెట్టిన లెక్క. తయారీదారుల సొమ్ముతో జరిగిన 13 అధ్యయనాలలో 780 మందికి ఈ మందు వాడారు. దానివల్ల దుష్ఫలితం కలిగినవారు సున్నా అని రాశారు. పసరు వైద్యుడు సైతం అంత ధీమాగా చెప్పడు. అసలు ప్రమాదం మొదటి అంచనాలకు 10 నుంచి 50 రెట్లు ఉండవచ్చునని పునఃపరిశీలకులు తేల్చారు.

మాంసకృత్తును నిందించి లాభం లేదు. విరిగి బయటపడిన కాలి ఎముకకు దీనిని వాడేందుకు 2004లో అనుమతి లభించింది. దోషం ఆ సున్నా రాసిన చేతులది. తయారీ సంస్థ అదే 2011లో తన మూల వివరాలన్నిటినీ యేల్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. రోగి తుంటి ఎముకను వాడే పాత పద్ధతికన్న ఇది చెప్పుకోదగినంత మేలేమీ కాదని 2013లో స్వతంత్ర సమీక్షలు తెలిపాయి. ఆ వివరాలు 2002లోనే బయటి కళ్ళకు అంది ఉంటే ఎన్ని మెడలు కత్తిని తప్పించుకునేవో!