చిన్న కాళ్ళకు అందే ఉద్యానం

ఆదివారం సాయంకాలం ఎండ కొంచెం వాలగానే పట్టణాలలోని ఉద్యానాలకు కుటుంబాలు బయలుదేరుతవి. తండ్రి చంకలో చంటిబిడ్డ, తల్లి చేతిలో నీళ్ళసీసా, మరమరాల పొట్లం, ముందు పరుగెత్తే నాలుగేళ్ళ పిల్ల, వెనుక నెమ్మదిగా తాతగారు. గేటు వద్ద బుడగలవాడు, పీచుమిఠాయివాడు వీరికోసమే కాచుకొని ఉంటారు. లోపల అడుగుపెట్టిన తరువాత ఆ పిల్ల చెవిని బడే మొదటి మాటలు ఏమిటి? “అటు పోకు.” “మట్టి ముట్టకు.” “బట్టలు మాసిపోతవి.” పెద్దలు మరచిపోతే గుర్తు చేయటానికి పచ్చిక మీద నడవరాదనే పలక ఎదురుగానే ఉన్నది. పిల్లను ఉద్యానానికి తీసుకొని వచ్చినారు గాని, ఉద్యానాన్ని పిల్లకు ఇవ్వలేదు.

ఇది తల్లిదండ్రుల తప్పని ఒక్క మాటలో తేల్చివేయటం న్యాయం కాదు. వారమంతా పనిచేసి అలసిన మనుషులు. ఒక్క సాయంకాలమైనా బిడ్డ దెబ్బ తగిలించుకోకుండా, జ్వరం తెచ్చుకోకుండా ఇంటికి చేరితే చాలుననుకుంటారు. అయితే బిడ్డ లెక్క వేరు. జారుడుబల్ల రెండుమార్లు ఎక్కి దిగిన తరువాత, ఏదో మరమ్మతుకని తెచ్చి మూలను పోసిన ఇసుకకుప్ప ఆ పిల్ల కంటబడుతుంది. ఇక దాని ముందు ఉయ్యాల గాని, రంగుల పట్టాల బండి గాని ఎందుకూ పనికిరావు. పాదం మీద ఇసుక దిబ్బగా పోసి మెల్లగా పాదం తీసివేస్తే ఇల్లు ఏర్పడుతుంది. ఆకు దానికి తలుపు, పుల్ల ధ్వజస్తంభం. ఇసుకను అన్నంగా వండి వడ్డించే ఆటకు గుజ్జనగూళ్ళని, కట్టిన ఇంటికి బొమ్మరిల్లని పేర్లు పెట్టుకున్న జాతికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. దాగుడుమూతలకు, కోతికొమ్మచ్చికి, తొక్కుడుబిళ్ళకు కొన్న వస్తువు ఒక్కటైనా అవసరం లేదు. కావలసినది కొంచెం నేల, ఒక చెట్టు, ఇద్దరు ముగ్గురు తోటివారు.

ఆ నేల పూర్వం ఇంటి పెరడులో, గుడి మండపంలో, రచ్చబండ చుట్టూ, చెరువుగట్టు మీద ఉండేది. దానికి ఆటస్థలమని ఎవరూ పేరు పెట్టలేదు. పెరడులు మేడలైనవి, చెరువులు ఇళ్ళస్థలాలైనవి, వీధులను వాహనాలు ఆక్రమించినవి. పాతకాలమంతా బంగారమని కన్నీరు పెట్టుకొనే అలవాటు మాత్రం మంచిది కాదు. ఆ గుడి మండపం అందరి పిల్లలదీ కాదు. కొన్ని వాడల పిల్లలకు దాని మెట్లు కూడా దూరమే. ఆడపిల్ల ఎనిమిదేళ్ళు రాకముందే తమ్ముణ్ణి చంకనెత్తుకొని ఆట చూస్తూ నిలబడేది. ప్రజోద్యానం గొప్పతనం ఇక్కడే ఉన్నది. ఏ ఇంటి బిడ్డవని అడగకుండా పిల్లలందరినీ ఒకే ఉయ్యాల వద్ద వరుసలో నిలబెట్టగల చోట్లు పట్టణంలో ఎన్ని ఉన్నవి? తన వంతుకోసం ఆగటం, తనకంటె చిన్నవానికి చోటివ్వటం ఆ వరుసలోనే అలవడుతుంది. అటువంటి చోట గేటు వద్ద టిక్కెట్టు పెట్టటమంటే, ఆ వరుసలో నుంచి కొందరు పిల్లలను మెల్లగా బయటికి పంపటమే.

పిల్లల విహారమంటే దూరప్రయాణమనే భావం ఈ మధ్య బలపడినది. హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో ప్రారంభమైనది మొదలు కొన్ని తరాల పిల్లలకు పండుగగా ఉన్నది, ఉండవలసినదే. ఏనుగును చూడని బాల్యం కొంత లోటే. అయితే సంవత్సరానికి ఒకసారి వచ్చే పండుగ రోజూ తినే అన్నానికి బదులు కాజాలదు. ఒకటి మొదలు నాలుగేళ్ళ వయసు పిల్లలు రోజుకు కనీసం 3 గంటలపాటు ఏదో ఒక విధంగా ఒళ్ళు కదిలించి తిరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. రెండేళ్ళు నిండని పసివారిని తెరముందు కూర్చోబెట్టవద్దనీ, రెండు మొదలు నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించరాదనీ అప్పుడే చెప్పినది. రోజూ కావలసిన ఈ కదలికను రెండు బస్సులు మారి చేరే వనవిహారం తీర్చలేదు. మూడేళ్ళ బిడ్డ తన కాళ్ళతో తాను నడచిపోగల దూరంలో, దారిలో చీమలబారు వద్ద రెండుసార్లు ఆగినా చీకటి పడకముందే చేరగలిగే చోట, ఆ ఉద్యానం ఉండాలి.

ఇందుకు విశాలమైన భూములు అవసరమా? కాదని ఆమ్‌స్టర్‌డామ్ నగరం చూపినది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఆ నగర పురపాలక శాఖలో పనిచేస్తున్న ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పి 1947లో ఒక చిన్న కూడలిలో పిల్లలకు ఆటస్థలం నిర్మించినాడు. తరువాత ముప్పై ఏళ్ళలో ఆ నగరంలో అటువంటివి 700కు పైగా ఏర్పడినవి. వాటిలో ఎన్నో రెండిళ్ళ మధ్య ఖాళీగా పడివున్న జాగాలే. ఆయన వాటిలో ఉంచినవి చాల కొద్ది: అంచు కట్టిన ఇసుకగుంట, గెంతటానికి గుండ్రని రాతిదిమ్మెలు, వేలాడటానికి ఇనుప కమ్ములు, పెద్దలు కూర్చోవటానికి బల్లలు. ఏనుగు బొమ్మలు, రాకెట్టు బొమ్మలు పెట్టలేదు. రాతిదిమ్మె పడవో, కొండో, దుకాణమో నిర్ణయించుకొనే స్వేచ్ఛ పిల్లవానికే మిగిలినది. బొమ్మరిల్లు కట్టిన తెలుగు పిల్లలకు తెలిసిన రహస్యాన్నే ఆయన తన నగరంలో రాతితో, ఇసుకతో నిలబెట్టినాడని అనవచ్చును.

మన పురపాలక సంఘాలు ఉద్యానాలను నిర్మించే పద్ధతి తరచు దీనికి విరుద్ధంగా ఉన్నది. చుట్టూ పెద్దలు నడిచే బాట, మధ్య నీరు లేని జలయంత్రం, సిమెంటు జింక, పెద్దల వ్యాయామానికి ఇనుప పరికరాలు. ఇవన్నీ అమరిన తరువాత మిగిలిన మూలలో రెండు ఉయ్యాలలు. జారుడుబల్ల రేకుది, దాని మీద నీడ ఉండదు. వైశాఖమాసంలో సాయంకాలం అయిదు గంటలకు కూడ అది పెనమువలె కాలుతుంటే పిల్లలు దాని చుట్టూ తిరిగి వెళ్ళిపోతారు. పసివారిని తీసుకొని వచ్చిన తల్లులకు అన్నిటికంటె ముందు కావలసినది శుభ్రమైన మరుగుదొడ్డి. ప్రారంభోత్సవ శిలాఫలకానికి దొరికిన చోటు దానికి దొరకకపోవటం విచిత్రం.

చట్టాలకు కొరత లేదు. ఉద్యానాలను, ఆటస్థలాలను, ఖాళీ ప్రదేశాలను కాపాడటానికి ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే శాసనం చేసినారు. బాలల విశ్రాంతిని, ఆటను హక్కుగా గుర్తించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1989లో వెలువడగా, భారతదేశం 1992లో దానిని అంగీకరించినది. బెంగుళూరులో ఉద్యానానికని విడిచిన ఒక స్థలాన్ని ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించినప్పుడు ఆ పేటవాసులే న్యాయస్థానానికి వెళ్ళినారు. ఆసుపత్రి కూడ ప్రజలకు మేలు చేసేదే గదా అనే వాదన 1991లో సుప్రీంకోర్టు ముందు నిలవలేదు. ఆ కేటాయింపు చెల్లదని తీర్పు వచ్చినది. ఆ పేటవాసులు తెగించి వెళ్ళకపోతే ఏమయ్యేదో ఊహించటం కష్టం కాదు. ఇళ్ళస్థలాల పటంలో పచ్చరంగు పూసిన చదరం కొన్నేళ్ళకు షెడ్డుగానో, సంఘ భవనంగానో, ఎవరో పెద్దమనిషి కార్లు నిలిపే చోటుగానో మారటం చూడని పేట ఉన్నదా? ఓటులేని వారి స్థలం గనుక ముందు అదే పోతున్నది.

ఈ విషయంలో ఉపాధ్యాయులకు కూడ పని ఉన్నది. పాఠశాలకు ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించినా, మేడ మీద మేడగా పెరిగిన పాఠశాలలలో పిల్లలు విరామ సమయం వసారాలలో గడుపుతున్నారు. ఆట వలన చదువు చెడుతుందని తండ్రి అన్నప్పుడు, కాదని నమ్మకంగా చెప్పగలవాడు ఉపాధ్యాయుడే. ఆయన మాటకు ఇంట్లో ఇంకా విలువ ఉన్నది. ఇక ‘ఉద్యానవన విహారం’ అని వ్యాసం వ్రాయమంటే విద్యార్థులు ఏమి వ్రాస్తున్నారు? మందమారుతం వీచినదనీ, తుమ్మెదలు ఝుంకారం చేసినవనీ, మనస్సు పులకించినదనీ. తాము ఉయ్యాల మీద నుంచి పడి మోకాలు చెక్కుకొన్న సంగతి ఒక్కరూ వ్రాయరు. వ్రాసినవానికి మార్కులు తగ్గించే గురువులున్నంతకాలం వ్రాయరు కూడ.

పై తరగతుల విద్యార్థులు ఒక సాయంకాలం తమ పేట ఉద్యానానికి కాగితం, కలం తీసుకొని వెళ్ళి చూడవచ్చును. అయిదేళ్ళలోపు పిల్లలు ఎందరు వచ్చినారు, ఎంతసేపు ఆడినారు, నీడ ఎక్కడ ఉన్నది, ఏ ఉయ్యాల గొలుసు తెగినది, ఆడపిల్లలు ఎన్ని గంటలకు ఇంటికి మళ్ళినారు? ఆ కాగితాన్ని వార్డు ప్రతినిధి చేతిలో పెట్టి, జారుడుబల్లను వేపచెట్టు కిందికి మార్చమనీ, ఒక మూలను రెండు బండ్ల ఇసుక పోయించమనీ అడిగితే, డబ్బు లేదని చెప్పటం ఆయనకు కొంత కష్టమవుతుంది. వేసవి సెలవులు మొదలయ్యేలోగా ఈ పని జరగటం మంచిది.