అలసిన పూట అన్నం

సాయంకాలం ఆరు దాటేసరికి హోసూరు పరిశ్రమల నుంచి కార్మికుల బస్సులు ఊళ్ల వైపు మళ్లుతాయి. బెంగళూరులో దుస్తుల కర్మాగారాల నుంచి స్త్రీలు గుంపులు గుంపులుగా బయటికి వస్తారు. షోలాపూర్‌లో మరమగ్గం దగ్గర పగలంతా నిలబడిన నేత కార్మికుడు ఇల్లు చేరుతాడు. అతని భార్య అప్పటికే ఆనాటి బీడీల లెక్క అప్పజెప్పి వచ్చి ఉంటుంది. బరంపురంలో గుమాస్తా సైకిలు గోడకు చేరవేస్తాడు. వీరి పనులు వేరు, చుట్టూ వినిపించే భాషలు వేరు. అయినా ఆ వేళకు అందరి ఇళ్లలోనూ ఒకే ప్రశ్న తలెత్తుతుంది: రాత్రికి ఏమి వండాలి?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు తరచుగా వినిపిస్తుంటాయి. ఓపిక లేనప్పుడు బయట కొనుక్కోవడమే మేలని కొందరు అంటారు. ఎంత అలసినా ఇల్లాలు పప్పు, కూర, పులుసు, పచ్చడి చేసి పెట్టవలసిందేనని, ఇల్లంటే అదేనని మరికొందరు అంటారు. ఈ రెండూ సరియైనవి కావు.

బయటి తిండి అంతా చెడ్డదని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఇంట్లో జ్వరం వచ్చిన పూట, ప్రయాణం నుంచి దిగిన పూట వీధి చివరి ఇడ్లీ బండి ఎన్నో కుటుంబాలను ఆదుకుంటుంది. ఆ బండి నడిపే మనిషీ పగలంతా అలసినవాడే. కాని రోజూ నలుగురికి కొనాలంటే కూలి డబ్బులో పెద్ద భాగం దానికే పోతుంది. అందులో ఎంత నూనె పడిందో, ఎంత ఉప్పు పడిందో కొన్నవారి చేతిలో ఉండదు.

రెండవ జవాబు చూడటానికి సంప్రదాయంలా కనిపిస్తుంది. నిజానికి పండుగనాటి విస్తరిని పనిరోజు కంచంతో పోల్చడం మన పెద్దల పద్ధతి కాదు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో రైతు కుటుంబాలు నాలుగు రకాలు వండుకొని తిన్నది లేదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మూతపెట్టేవారు. తెల్లవారేసరికి అది కొద్దిగా పులిసేది. మజ్జిగ, ఉప్పు కలుపుకొని, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకొని పొలానికి పోయేవారు. పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవుల జాతికి చెందినవే అన్నాన్ని కూడా పులియబెడతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు.

చద్దన్నం అంటే నేడు చాలామందికి చిన్నచూపు. ఇరుగుపొరుగు వారిని చూసైనా ఆ చూపు మార్చుకోవచ్చు. ఒడిశాలో దీన్నే పఖాళ అంటారు. ఏటా మార్చి 20వ తేదీన పఖాళ దినోత్సవం కూడా జరుపుకుంటారు. తమిళులకు ఇది పళయ సోరు, కన్నడిగులకు తంగళన్న. షోలాపూర్ ప్రాంతంలో జొన్నరొట్టెను అప్పడంలా పెళుసెక్కేవరకు ఆరబెట్టి కడక్ భాకరీగా నిలువ చేస్తారు. వేరుశనగల కారప్పొడి, అంటే శేంగా చట్నీ, తోడుంటే ఒక పూట గడిచిపోతుంది. ఓపిక ఉన్న పూట చేసిన పని ఓపిక లేని పూటకు అక్కరకు రావాలన్న ఆలోచన ఇన్ని భాషలవారికీ తట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. వండిన అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే హాని చేసే సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. వాటిలో కొన్ని విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. కనుక మిగిలిన అన్నాన్ని త్వరగా చల్లార్చి నీళ్లు పోయాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. వాసన తేడాగా ఉంటే పారవేయవలసిందే. అన్నం పరబ్రహ్మస్వరూపమని అప్పుడు మొహమాటపడకూడదు.

వేసవిలో పెట్టిన ఆవకాయ, తీరిక రోజున దంచుకున్న కందిపొడి, కరివేపాకు పొడి కూడా ఇటువంటి ముందుచూపులోనివే. వేడి అన్నంలో ఇంత పొడి, చుక్క నెయ్యి వేసుకుంటే పిల్లలు మారుమాట్లాడకుండా తింటారు. అయితే ఊరగాయ అన్నాన్ని లోపలికి పంపుతుందే గాని ఒంటికి బలమిచ్చే తిండి కాదు. దానిలో ఉప్పూ నూనే ఎక్కువ. పక్కన పప్పో, ఆకుకూరో, గుడ్డో ఉండాలి. ఇంటికి రాగానే కందిపప్పు కడిగి నానవేస్తే, కాళ్లూ చేతులూ కడుక్కొని కాసేపు కూర్చొని లేచేసరికి త్వరగా ఉడకడానికి సిద్ధంగా ఉంటుంది. అందులోనే తోటకూరో టమాటాలో వేస్తే పప్పూ కూరా ఒక్క గిన్నెలో అయిపోతాయి. ఒడియావారి దాల్మా, కన్నడిగుల బిసిబేళె బాత్ ఇదే ఉపాయం మీద పుట్టినవి. అన్నం, పప్పు, కాస్త మజ్జిగ ఉన్న కంచాన్ని చూసి “ఇంతేనా?” అనేవారు పగలంతా పనిచేసి వచ్చి ఒకసారి పొయ్యి ముందు నిలబడి చూడాలి.

ఎన్ని ఉపాయాలున్నా అవన్నీ ఒక్క మనిషి చేతి మీదుగానే నడిస్తే అలసట తీరదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. జీతం లేని ఇంటి పనిలో స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నట్లు, పురుషుడు 97 నిమిషాలు గడుపుతున్నట్లు అందులో తేలింది. ఇది కూడా ఇంటి పనిలో చెయ్యి పెట్టినవారి లెక్క మాత్రమే. అలా చెయ్యి పెట్టిన స్త్రీలు నూటికి 81 మంది కాగా పురుషులు 26 మందే. 299 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. కూలి పని, ఉద్యోగం చేసే స్త్రీకి అవి ముగిశాక మొదలయ్యే రెండవ పని ఇది.

బీడీలు చుట్టే స్త్రీ సంగతి ఇంకా విచిత్రం. ఆమె ఇంట్లోనే కూర్చొని ఉంటుంది గనుక పనిచేస్తున్నట్లు ఇంటివారికే తోచదు. పొద్దుటి నుంచి ఆకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టిన వేళ్లతోనే ఆమె సాయంత్రం రొట్టెల పిండి తడపాలి. అందరికీ వడ్డించాక చివర తినేదీ ఆమే. కూర మిగిలితే కూర, లేకపోతే అడుగంటిన అన్నంలో మజ్జిగ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. మిగిలినది తిని సరిపెట్టుకోవడం వాటిలో ఒకటి కాదని ఎవరు అనగలరు?

మగపిల్లలు వంటింట్లోకి వస్తే చదువు పాడవుతుందని కొందరు పెద్దలు శంకిస్తారు. బియ్యం కడగడానికి, ఉల్లిపాయలు ఒలవడానికి, తిన్న కంచం తోమడానికి పట్టే సమయం క్రికెట్ ఆటలో ఒక్క ఓవరుకు పట్టేంతే. ఆడపిల్ల చదువు గురించి ఇదే శంక ఎవరికీ కలగకపోవడం గమనించదగినది. వంట మగవారి పని కాదనే మాటకూ ఆధారం లేదు. రుచిగా ఉన్న భోజనాన్ని మనం నలభీమపాకం అని మెచ్చుకుంటాం. నలుడూ భీముడూ పురుషులే. పెళ్లిళ్లలో వందలమందికి వండే వంటవాళ్లలో ఎక్కువమంది మగవారే. డబ్బు వచ్చే చోట గౌరవమైన పని, డబ్బు రాని చోట ఆడవారి పని ఎలా అయిందో ఆలోచించవలసిన విషయం.

తెలుగునాడుకు దూరంగా పెరిగే పిల్లలకు వంటింటితో ఇంకొక అవసరం కూడా ఉంది. వీధిలో మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియాయో వినిపిస్తుంది. తెలుగు నిండుగా వినిపించేది ఇంట్లో, అందులోనూ పొయ్యి దగ్గర. ఎసరు పెట్టడం, గంజి వార్చడం, మూతపెట్టి మగ్గించడం, దోరగా వేయించడం అనే మాటలు బడిలో అరుదుగా వస్తాయి. నీళ్లు మరగడం వేరు, ఇగరడం వేరు. కొన్ని ఇళ్లలో తాలింపు, కొన్ని ఇళ్లలో పోపు, రాయలసీమ యాస నిలిచిన ఇళ్లలో తిరగవాత. రాగులను ఉత్తరాంధ్ర పక్కన ఉన్నవారు చోళ్లు అంటే, తెలంగాణ నుంచి తరలిపోయిన కుటుంబాల్లో తైదలు అనే మాట ఉంది. ఈ మాటలన్నీ పని చేస్తూ చేస్తూ చెవిన పడేవి. వంటింటి గడప దాటని పిల్లవాడికి ఇవి అందవు. “అన్నం ఇంకా పలుకు మీద ఉంది, సెగ తగ్గించి మగ్గనివ్వు” అని అమ్మ పెరట్లోంచి కేక వేస్తే, ఏమి చేయాలో అక్కకు వెంటనే తెలుస్తుంది. తమ్ముడు పలుకు అంటే ఏమిటని అడుగుతాడు.