లేఖల సేకరణ: ముద్రిత ప్రతి చాలదు

కవుల జాబులు స్వవిషయాలు. కావ్యమే కవికి ప్రమాణం. కావలసిన లేఖలు ఇదివరకే అచ్చయ్యాయి. చేతిరాత లేఖల సేకరణను పరిశోధనాంశంగా ప్రతిపాదించినప్పుడల్లా వినవచ్చే ఆక్షేపణలు ఈ మూడే. వీటిలో ఏదీ పరిశీలనకు నిలవదు.

మొదటిదానికి సమాధానం 1852లోనే లభించింది. ఆ సంవత్సరం సి.పి. బ్రౌన్ ప్రకటించిన తెలుగు వాచకం సొంత జాబులు, వ్యవహారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ లేఖల సంకలనం. కావ్యాలను పరిష్కరింపజేసిన బ్రౌనుకే జాబులోని వచనం భాషకు సాక్ష్యంగా కనిపించింది. 1919లో రాజమహేంద్రవరంలో వ్యావహారిక భాషా సమాజానికి వీరేశలింగం అధ్యక్షులయ్యారు. జీవితమంతా గ్రాంథికంలో విస్తారంగా రాసిన ఆయన చివరి నెలల్లో ఆ పక్షాన నిలిచారు. ఆనాటి పండితులు అల్లుడికో శిష్యుడికో ఏ తెలుగులో జాబు రాశారన్నది కుతూహలం తీర్చుకొనే ప్రశ్న కాదు; ఆ వాదానికి అసలైన సాక్ష్యం.

రెండో ఆక్షేపణకు అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ (1830–1886) ఉదాహరణే సమాధానం. జీవించి ఉండగా అచ్చయినవి పదీ పన్నెండు కవితలు మాత్రమే. వందల కవితలు ఉత్తరాల ద్వారా బంధుమిత్రులకు చేరాయి. వదిన సూసన్ ఒక్కరికే 250కి పైగా అందాయి. వచనం ఎక్కడ ముగిసిందో, పద్యం ఎక్కడ మొదలైందో తేల్చలేని జాబులు అనేకం. లేఖను పక్కన పెడితే కావ్యమే చేజారుతుంది.

మూడోది అన్నిటికంటె ప్రమాదకరం. డికిన్సన్ లేఖలు 1894లో అచ్చయ్యాయి. 1958లో మూడు సంపుటాలుగా, 2024లో మళ్లీ కొత్తగా వెలువడ్డాయి. ఎందుకంటే కాగితం చెప్పినదంతా అచ్చు చెప్పలేదు. అన్న ఆస్టిన్‌కు రాసిన జాబుల్లో సూసన్ ప్రస్తావనలను ఎవరో చెరిపివేశారు. ఆ చెరుపు చేతిరాతలోనే కనిపిస్తుంది. తేదీ లేని లేఖల కాలనిర్ణయానికి అక్షరాల తీరే ఆధారమయింది. మనమూ అరసున్నలు సవరించి, ఇంటి సంగతులు తొలగించి లేఖను ప్రకటిస్తే పాఠకునికి అందేది సంపాదకుని తెలుగే.

కొప్పుల ముమ్మడి నాయకుడు ఏలిన కోరుకొండ 14వ శతాబ్ది చరిత్రను రాతిమీది అక్షరాల నుంచి కూర్చుకున్నాం. అదే సీమలో నూరేళ్లనాటి కాగితాన్ని మాత్రం చెదలకు, చిత్తుకాగితాల బేరానికి వదిలేస్తున్నాం. ఇనుప తీగకు గుచ్చిన ఉత్తరాల కట్టలు, ట్రంకుపెట్టెల అడుగున మిగిలిన కార్డులు ఈ తరంతో అంతరిస్తాయి. బ్రౌను జాబుల నుంచి స్థానిక చరిత్రను వెలికితీసి బంగోరె ఒక వ్యక్తి పట్టుదలతో ఎంత సాధ్యమో చూపించారు. సంస్థలు ఆపాటి చేయలేవా?

కోరుకొండకు పొరుగునే, రాజానగరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. రచయితలపై పరిశోధించే ప్రతి విద్యార్థీ తాను చూసిన లేఖల ఛాయాచిత్రాలను, కవరుతో, తపాలా ముద్రతో సహా, ఇటువంటిచోట జమచేయాలనే నియమం విశ్వవిద్యాలయాలు పెట్టాలి. మూలప్రతులు ఇవ్వదలచిన కుటుంబాలకు రసీదు, భద్రతకు హామీ ఉండాలి. గోప్యత కోరినవారి లేఖలను ఒప్పుకున్న గడువు వరకు మూసి ఉంచవచ్చు. మూసిన పెట్టెను మరో తరం తెరవగలదు. కాలిన ఉత్తరాన్ని ఏ పరిశోధకుడూ చదవలేడు.