చౌక యాత్ర – అడవి వెల

దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖపై నున్న ఈక్వెడార్ చిన్న దేశమే. అయినను అచ్చట 1,600కు పైగా పక్షిజాతులు కలవు. వానిని చూడగోరు సామాన్యుడు చౌక యాత్ర నాశించుట న్యాయమే. ఆ చౌక ఎందుండి రావలెనన్నదే ప్రశ్న.

మిండో ప్రాంతమున ఆంహెల్ పాజ్ అను రైతు అడవి కొట్టి సాగు చేయుచుండెడివాడు. కాక్ ఆఫ్ ది రాక్ అను ఎఱ్ఱని పక్షులు జతకొఱకు ఆటలాడు తావు తన నేలలోనే కలదని తెలిసిన పిదప, చెట్లను నిలిపి మార్గదర్శి అయ్యెను. మనుష్యుల కంటబడని ఆంట్‌పిట్టాను వానపాములు వేసి మచ్చిక చేసెను. యాత్రికులిచ్చు రుసుమే నేడాతనికి పంట.

రాజధాని కీటో నుండి మిండోకు బస్సు కలదు. బస్సులో పోయి, సామాన్యమైన బసలో దిగి, మార్గదర్శి ఖర్చును నలుగురు పంచుకొనిన యాత్ర చౌక యగును. మార్గదర్శి ప్రతిఫలమునే తగ్గింపజూచినచో, రైతు చేతికి గొడ్డలి మరల వచ్చును.